తుఫాన్ల కాలం వస్తోంది, ఒక్క చోట కొట్టి చూసి శ్లాబు బాగుందనకండి

పోయిన వారం కళింగపట్నం దగ్గర మా బంధువుల ఇంటి సజ్జ విరిగి పడింది. రోజూ దాని కిందే మంచం వేసుకునే మావయ్య ఆ పూట పొలంలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. పడిన ముక్క తిరగేసి చూశాను. ఒక చివర ఊచ కొత్తదానిలా గట్టిగా ఉంది, జానెడు అవతల అదే ఊచ గోటితో గీస్తే పొరలు పొరలుగా రాలిపోయింది. ఒకే మేస్త్రీ, ఒకే రోజు పోసిన కాంక్రీటు. రెండేళ్ల కిందట ఎవరో వచ్చి ఆ బాగున్న చివరే సుత్తితో కొట్టి 'ఏం ఢోకా లేదు' అని చెప్పి వెళ్లారట.

నేను చూసినంతలో కొంపలు ముంచేది ఇదే, ఒక్క చోట చూసి మొత్తం బాగుందనుకోవడం.

తుప్పు శ్లాబంతా సమానంగా పట్టదు. ఊచ మీద కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు, సముద్రపు గాలి తగిలే చోట మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం అది 45 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ పోసేటప్పుడు ఎవరో ఊచ తొక్కుతారు, ఎక్కడో ఊచను ఎత్తి పెట్టే కవర్ బ్లాకు జారిపోతుంది, ఒక చోట 30, ఇంకో చోట 10 మిగులుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఊచ దాకా దిగితే తుప్పు మొదలవుతుంది, అది దిగే లెక్క కూడా మోసం చేస్తుంది, కవర్ సగమైతే టైమ్ సగం కాదు, సుమారు నాలుగో వంతే: 20 మిల్లీమీటర్లు దిగడానికి 40 ఏళ్లు పట్టే చోట 10 దిగడానికి పదేళ్లు చాలు. అందుకే ఈ లెక్కలు కట్టేవాళ్లు ఒక్క అంకె పెట్టరు, కవర్, ఉప్పు, చెమ్మ ఎంత అటూ ఇటూ అవుతాయో కంప్యూటర్‌కి ఇచ్చి వేలసార్లు లెక్క వేయించి, ఎన్నో ఏటికి ఎంత భాగం తుప్పు పట్టొచ్చో చూస్తారు. సగటు బాగుంటే సరిపోదు, సజ్జ విరిగేది సగటు దగ్గర కాదు, అన్నిటికంటే పల్చటి చోట. తుప్పు కొలిచే మీటర్ చెప్పేది కూడా అవకాశమే: మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి దిగితే ఆ చోట తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతం పైనే. ఆ చోట మాత్రమే, పక్క చోటు సంగతి దానికి తెలియదు.

అక్టోబరు రాకముందే చాక్‌పీసుతో అడుగడుక్కీ గళ్లు గీసి ప్రతి గడిలో కొట్టి వినండి. గుల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయినట్టే, ఎందుకంటే తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతలు ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. సజ్జ, బాల్కనీలకు అసలు ఊచలు పైభాగంలో ఉంటాయి, కింద నుంచి చూసి ఊరుకోకండి, నిచ్చెన వేసి పైన చూడండి. బాత్రూం కింద చూడండి. ట్యాంకు కింద చూడండి. గోధుమరంగు చారను సున్నంతో కప్పొద్దు. తుప్పు గీకకుండా ప్లాస్టరింగ్ చేయించొద్దు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పునీళ్లు అసలే వద్దు. పెచ్చులూడిన శ్లాబు మీద కొత్త ట్యాంకు పెట్టొద్దు. ఒక్క చోట చూసి బాగుందని ఎవరు చెప్పినా డబ్బులివ్వొద్దు, మిగతా గళ్లు కూడా కొట్టించండి. పగిలిన సజ్జ కింద మంచం ఉంటే ఈ రాత్రే తీసేయండి.