300 ఎంబీపీఎస్ ప్లాన్‌లో స్పీడ్ 90 దగ్గరే ఆగిపోతోందా? ముందు వైరు పెట్టి చూడండి

మా చుట్టాల్లో ఎవరింట్లో నెట్ నెమ్మదించినా ఫోన్ నాకే వస్తుంది. నేను వెళ్లేసరికి రౌటర్‌ని పదిసార్లు ఆపి వేసి ఉంటారు, లేదంటే ఆన్‌లైన్‌లో ఓ రిపీటర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే డబ్బా) కొనేసి ఉంటారు. స్పీడ్ అసలు ఎక్కడ పోతోందో మాత్రం ఒక్కరూ చూసి ఉండరు. ఆ చూసే పద్ధతే ఇది.

కావాల్సినవి: లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఉన్న ల్యాప్‌టాప్, మంచి క్యాట్ 6 రకం నెట్ కేబుల్ ఒకటి, ఓ అరగంట.

1. ముందు లెక్క సరిచూసుకోండి

ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కంప్యూటర్ చూపించేది చాలాసార్లు మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 300 ప్లాన్‌కి సెకనుకి 37 ఎంబీ దాకా వస్తుంది. 35 కనిపిస్తుంటే మీ నెట్ బ్రహ్మాండంగా ఉన్నట్టే, ఇక చదవక్కర్లేదు.

2. వైరుతో టెస్ట్

అందరూ ఎగ్గొట్టేది ఈ మెట్టే. రౌటర్ లాన్ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ చేయండి. ఇది మర్చిపోయి వైఫై స్పీడునే కొలుచుకుని, లైను బాగాలేదని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఆఫీసు వీపీఎన్ కూడా ఆపేయండి. టీవీ, పిల్లల ఫోన్లు కాసేపు పక్కన పెట్టించండి. పొద్దున ఒకసారి, రాత్రి 9 దాటాక ఒకసారి, మూడేసి సార్లు స్పీడ్ టెస్ట్ చేయండి.

280 దాటితే లైను బాగున్నట్టే, తప్పంతా వైఫైది. మూడో మెట్టుకి వెళ్లండి. పొద్దున నిండుగా వచ్చి రాత్రి పడిపోతుంటే లైను మీద రద్దీ ఎక్కువైనట్టు. దానికి మీరు చేయగలిగింది లేదు, టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి కంపెనీకి పంపండి.

ఎన్నిసార్లు చేసినా 94 దగ్గరే మేకు కొట్టినట్టు నిలబడిందా? అయితే దొంగ దాదాపు దొరికినట్టే. 100 ఎంబీపీఎస్ పోర్టు మీద చేతికి అందేది సరిగ్గా అంతే. దారిలో ఎక్కడో ఒకచోట లింకు 100కి పడిపోయింది. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 100/100 అని ఉంటే అనుమానించాల్సినవి మూడు: ల్యాప్‌టాప్ పోర్టు (చవక యూఎస్‌బీ అడాప్టర్లు చాలా వరకు 100వే), రౌటర్ పోర్టు, మధ్యలో కేబుల్. 1000/1000 ఉండి కూడా 94 వస్తుంటే రౌటర్‌కీ ఫైబర్ దిగే ఓఎన్‌యూ బాక్సుకీ మధ్య చూడండి. చాలా ఓఎన్‌యూల్లో ఒక్క పోర్టే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), పక్కది 100. బిగించినవాళ్లు తొందరలో ఆ పక్కదాంట్లో గుచ్చి వెళ్లిపోతారు.

కేబుల్ చేసే మోసం మరీ దారుణం. లోపల ఎనిమిది పోగులుంటాయి. 100కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. 100కి అక్కర్లేని ఆ నాలుగింట్లో ఒక్క పోగు తెగితే నెట్ ఆగదు, ఎర్ర లైటు వెలగదు, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. మా తోడల్లుడి ఫ్లాట్‌లో మూడు నెలలు కంప్లైంట్లు పెట్టారు, రౌటర్ కూడా మార్పించుకున్నారు. చూస్తే తలుపు సందులో నలిగిన కేబుల్లో బ్రౌన్ పోగు తెగి ఉంది.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబులూ పోర్టూ కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు. ల్యాప్‌టాప్‌ని నేరుగా ఓఎన్‌యూకి తగిలిస్తే కొన్ని ఇళ్లలో నెట్ రాదు, ఎందుకంటే లాగిన్ రౌటర్‌లో ఉంటుంది. కంగారు పడకండి, లింక్ స్పీడ్ చూడటానికి నెట్ అక్కర్లేదు. రీసెట్ బటన్ జోలికి మాత్రం పోవద్దు. ఆ లాగిన్ వివరాలు చెరిగిపోతే లైన్‌మ్యాన్ వచ్చేదాకా ఇల్లంతా నెట్ ఉండదు. ఓఎన్‌యూకి వచ్చే సన్నటి ఫైబర్ వైరుని వంచకండి, పీకకండి, పీకినా దాని కొనలోకి కన్ను పెట్టి చూడకండి. అందులోంచి వచ్చే లేజర్ కంటికి కనబడదు.

3. వైఫై

రౌటర్ ఇచ్చే రెండు వైఫైలకి, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకి, వేర్వేరు పేర్లు పెట్టండి. రెండూ ఒకే పేరుతో ఉంచి రౌటరే చూసుకుంటుందిలే అనుకోవడం నాకు నచ్చదు, ఫోన్ పోయి పోయి 2.4కే అతుక్కుంటుంది. మామూలు ఫోన్‌కి అక్కడ లింకే 72 ఎంబీపీఎస్, చేతికి వచ్చేది 40, 50. మీ ప్లాన్ 300 అయినా 1000 అయినా అంతే. కెమెరాలు, బల్బులు దానికి వదిలేసి ఫోన్లు, టీవీ 5కి మార్చండి. అపార్ట్‌మెంట్ అయితే 2.4లో ఛానల్ 1, 6, 11ల్లో ఒకటి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 80.

రౌటర్‌ని ఇనప బీరువా మీదా, టీవీ వెనకా, నిలువుటద్దం పక్కనా పెట్టకండి. హాల్లో గోడకి, మనిషెత్తున, యాంటెన్నాలు నిలువుగా.

రిపీటర్ వద్దు. చవకవి ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో చెప్పాలి, స్పీడ్ సగమవుతుంది. కొన్నవాళ్లేమో "సిగ్నల్ ఫుల్లుగా ఉంది కదా బాబాయ్" అంటారు. ఉంటుంది, సిగ్నలే. బెడ్‌రూమ్ దాకా క్యాట్ 6 లాగి, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చేదిగా) పెట్టుకోండి. దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, ఐపీ అడ్రస్ మార్చి, కేబుల్‌ని లాన్ పోర్టులో గుచ్చాలి, బయటి లైను గుచ్చే వాన్‌లో కాదు.

కేబుల్ అనుమానంతో లైన్‌మ్యాన్‌ని పిలిచినప్పుడు కొత్త రౌటర్ ఇస్తానంటే ఆగమనండి. ముందు రెండు వైపులా జాక్‌లు కొత్తగా క్రింప్ చేయమనండి (కత్తిరించి మళ్లీ బిగించమనండి), ఎనిమిది పోగులూ. అతను గడప దాటకముందే లింక్ స్పీడ్ 1000 చూపిస్తోందో లేదో మీరే చూసుకోండి.