స్విమ్మింగ్ పూల్ స్కిమ్మర్ మార్చడం ఎలా? మళ్లీ లీక్ కాకుండా ఏం చేయాలి?

హన్మకొండ, ధర్మసాగర్ వైపు ఫాంహౌస్‌లలో పూల్ లీకవుతోందంటే ముందు స్కిమ్మర్‌నే (పూల్ గోడలో నీటి మట్టం దగ్గర ఉండి, పైన తేలే చెత్తను నోటితో లాగేసుకునే ప్లాస్టిక్ డబ్బా) చూడాలి. పంపు ఆపి రెండు మూడు రోజులు వదిలేయండి. నీళ్లు తగ్గుతూ వచ్చి సరిగ్గా స్కిమ్మర్ నోటి అడుగు అంచు దగ్గర ఆగాయంటే దొంగ దొరికినట్టే. అనుమానం తీరకపోతే నీళ్లు నోటి సగం దాకా నింపి, కదలకుండా ఉన్నప్పుడు అంచు పక్కన సిరంజితో సిరా వదలండి. సందు ఉంటే సన్నటి గీతలా లోపలికి లాగేసుకుంటుంది.

బ్రేకర్, గ్రైండర్, రసమట్టం, కొత్త స్కిమ్మర్, పాత సైజు పీవీసీ పైపు, ప్రైమర్, సొల్యూషన్ (పైపులు అతికే జిగురు), హైడ్రాలిక్ సిమెంట్, పాలీయూరిథేన్ సీలెంట్ తెచ్చుకోండి. పంపు కరెంటు మెయిన్‌లోనే తీసేయండి.

నీళ్లు నోటికి జానెడు కిందికి దించితే చాలు. పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు. వానలకు భూమిలో నీళ్లు పైకొస్తే ఖాళీ పూల్‌ను కింది నుంచి ఎత్తేస్తాయి.

స్కిమ్మర్ చుట్టూ గట్టు (పూల్ ఒడ్డున నడిచే కాంక్రీట్) కోసి, గోడలోని చువ్వలు తెగకుండా పాత స్కిమ్మర్ తీయండి. కొత్తదాన్ని పాత ఎత్తులోనే కూర్చోబెట్టి, పైపుకు ప్రైమర్, సొల్యూషన్ రాసి పావువంతు తిప్పుతూ నెట్టండి. మర్నాడు పంపు దగ్గరి వాల్వు మూసి, స్కిమ్మర్‌లో నోటి అంచు దాకా నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున జాయింట్లు చేత్తో తడిమి, పొడిగా ఉంటేనే ముందుకెళ్లండి.

పని చెడేది ఇక్కడి నుంచే. ప్లాస్టిక్‌కు సిమెంట్ అతుక్కోదు, ఎంత మంచి మేస్త్రీ వేసినా అతుక్కోదు. పైన ఎపాక్సీ ముద్ద రుద్ది వెళ్లిపోతే వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే పని. స్కిమ్మర్ మూతి చుట్టూ ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో బాగా గీరండి. దాని చుట్టూ గోడలో అంగుళం లోతు గాడి తీసి, దుమ్ము కడిగి, తడిగా ఉంచండి. హైడ్రాలిక్ సిమెంట్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి గుప్పెడు చొప్పునే కలపాలి. గ్లౌజులేసుకుని, అడుగు నుంచి మొదలుపెట్టి బొటనవేలితో గట్టిగా కుక్కుతూ పైకి రండి. గట్టిపడటం మొదలైన ముద్దలో మళ్లీ నీళ్లు పోయొద్దు, పారేయండి.

తర్వాత స్కిమ్మర్ వెనక కాంక్రీట్ వేసి పూల్ గోడతో కలిపేయండి. గట్టుతో మాత్రం కలపొద్దు. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దానిమీది గట్టు కదిలినప్పుడల్లా స్కిమ్మర్‌ను లాగుతుంది. లీకు తిరగబెట్టడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, అయినా చాలామంది స్కిమ్మర్‌కు, గట్టుకు మధ్య సందును నున్నగా పూడ్చేస్తారు. మధ్యలో అర అంగుళం థర్మాకోల్ పట్టీ నిలబెట్టి గట్టు పోయండి. గట్టిపడ్డాక పట్టీ పై భాగం తీసి సీలెంట్ నింపండి. సిలికాన్ వద్దు, పాలీయూరిథేనే వాడండి.

కొత్త కాంక్రీట్‌పై తడి గోనెసంచులు కప్పి వారం రోజులు తడపండి. మేలో అయితే పనంతా పొద్దున్నే ముగించాలి.

నీళ్లు నోటి మధ్య దాకా నింపండి, తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. చివరగా బకెట్లో నీళ్లు పోసి పూల్ మెట్టుమీద పెట్టి, లోపలా బయటా మట్టం గీత గీయండి. మర్నాడు రెండూ ఒకేలా దిగితే అది ఎండకు ఆవిరైన నీరే. బయట ఎక్కువ దిగితే మూతి చుట్టూ మళ్లీ సిరా వదిలి చూడండి.