ప్రభుత్వ నిర్మాణాలకు కార్బన్ తక్కువున్న సామగ్రి కొనడం ఎలా? టెండర్ రాయడం నుంచి బిల్లు పాస్ చేయడం దాకా

టెండర్ కాగితాల్లో ఎక్కడో ఒక మూల "పర్యావరణ హితమైన సామగ్రిని వాడవలెను" అని ఒక లైను రాసేసి పని అయిపోయిందనుకునే ఆఫీసులు చాలానే ఉంటాయి. కాంట్రాక్టరు ఆ లైను చదివి, రోజూ తెచ్చే సిమెంటే మళ్లీ తెస్తాడు. అతన్ని అనడానికీ లేదు, ఎందుకంటే ఎంత హితంగా ఉండాలో, దాన్ని దేంతో కొలుస్తారో, కొలిచేది ఎవరో అందులో రాసి లేదు కదా. అడిగేదేదో అంకెల్లో అడగాలి, అదీ టెండర్ పిలవకముందే. పని అప్పగించేశాక "కాస్త గ్రీన్‌గా చేసిపెట్టండి" అంటే ఎక్స్‌ట్రా ఐటమ్ కింద బిల్లు వస్తుంది, అంతే.

1. ముందు బీఓక్యూ (ఏ సామగ్రి ఎంత కావాలో రాసిన పట్టిక) ముందేసుకోండి

అన్ని ఐటమ్‌లనూ ఒకేసారి మార్చేద్దామని కూర్చోకండి, ఏదీ తెమలదు. ఏవి టన్నుల్లెక్కన వెళ్తున్నాయో చూసుకోండి. మామూలు కాంక్రీటు కట్టడమైతే సామగ్రి తయారీలో వెలువడే కార్బన్‌లో పెద్ద వాటా సిమెంటు, స్టీలుదే ఉంటుంది. ప్రపంచమంతటా మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటు వల్లే వస్తోందని అంచనా. పైగా అందులో సగానికి మించి ఇంధనం నుంచి వచ్చేది కాదు, సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేసేటప్పుడు ఆ రాయిలోంచే బయటికొస్తుంది. కాబట్టి "మా ఫ్యాక్టరీ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టాం" అని సరఫరాదారు చెబితే సంతోషమే గానీ, సిమెంటులో క్లింకర్ ఎంత శాతం ఉందో అడగండి. స్టీలు దగ్గర అడగాల్సింది అది ఏ దారిలో తయారైందని. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ స్టీలైతే టన్నుకు సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. తుక్కును ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించి చేస్తే అంతకంటే బాగా తక్కువ, ఎంత తక్కువన్నది ఆ కరెంటు ఎక్కడిదన్న దాన్ని బట్టి ఉంటుంది. టైల్సు, తలుపులు, పెయింట్లు తర్వాత చూసుకోవచ్చు.

2. పాత స్పెసిఫికేషన్‌లో అడ్డం పడేవి తీసేయండి

నన్నడిగితే అసలు పని ఇక్కడే ఉంది. ఏళ్ల కిందట ఎవరో రాసిన స్పెసిఫికేషన్‌నే కాపీ చేసుకుంటూ వస్తుంటాం, అందులో "క్యూబిక్ మీటరుకు కనీసం ఇన్ని కిలోల సిమెంటు", "ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటు మాత్రమే" లాంటి లైన్లు దర్జాగా కూర్చుని ఉంటాయి. అవి ఉన్నంతసేపూ స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) గానీ ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) గానీ, కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తెచ్చే ఎల్‌సీ3 సిమెంటు గానీ టెండర్ గడప తొక్కలేవు. ఎల్‌సీ3తో మామూలు సిమెంటు మీద 40 శాతం దాకా కార్బన్ తగ్గుతుందని లెక్క, కానీ స్పెసిఫికేషన్ ఒప్పుకోకపోతే ఆ లెక్కతో ఏం చేసుకుంటాం? అందుకే రెసిపీ రాయడం మానేసి ఫలితం రాయండి: ఎంత బలం కావాలి, నీరూ ఉప్పూ లోపలికి దిగకుండా ఎంత తట్టుకోవాలి, ఎన్ని రోజులకు.

ఆ "ఎన్ని రోజులకు" అన్నది చిన్నమాట కాదు. అలవాటు కొద్దీ అన్నిటికీ 28 రోజుల బలమే అడుగుతాం. స్లాగ్, ఫ్లై యాష్ ఎక్కువగా కలిపిన కాంక్రీటు మొదట్లో నెమ్మదిగా గట్టిపడి తర్వాత అందుకుంటుంది. పునాది మీద పూర్తి బరువు పడేది పై అంతస్తులు లేచాకే, అది జరగడానికి నెలలు పడుతుంది, మరి పునాదికి 56 రోజుల బలం అడిగితే ఏమిటి నష్టం? అదే స్లాబైతే సెంట్రింగ్ తొందరగా విప్పాలి, చలికాలమైతే ఇంకా ఆలస్యం, అక్కడ ఈ ఉపాయం నడవదు. ఏ భాగానికి ఏది సరిపోతుందో స్ట్రక్చరల్ ఇంజనీరుతో కూర్చుని తేల్చుకుని, ఆయన సంతకం తీసుకోండి.

3. మార్కెట్‌ను అడగండి

మీరు రాసే అంకెను అందుకునేవాళ్లు ఎందరున్నారో ముందే తెలియాలి. సరఫరాదారులందరినీ బహిరంగంగా పిలిచి, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, జవాబులు రికార్డు చేయండి. ఒక్కరితో విడిగా మాట్లాడారో, రేపు టెండర్ కోర్టుకెక్కుతుంది.

4. అంకె రాయండి, రుజువు అడగండి

రుజువుగా చెల్లేది ఎన్విరాన్‌మెంటల్ ప్రొడక్ట్ డిక్లరేషన్, పొట్టిగా ఈపీడీ. సరుకు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లాంటి లెక్కలు చూపుతూ, ఐఎస్ఓ 14025 ప్రకారం తయారుచేసి, సంబంధం లేని మూడో మనిషి సరిచూసిన పత్రం ఇది. నిర్మాణ సామగ్రికైతే యూరప్‌లో ఈఎన్ 15804 కూడా వర్తిస్తుంది. ఈపీడీ ఉందంటే సరుకు మంచిదని కాదు, దాని లెక్క బయటపెట్టారని మాత్రమే. చేతికి రాగానే చూడాల్సినవి: గడువు తీరిందా (మామూలుగా అయిదేళ్లు), అది ఆ ఫ్యాక్టరీ సరుకుదా లేక పరిశ్రమ మొత్తం సగటా, లెక్క ఏ1 నుంచి ఏ3 దాకానేనా, అంటే ఫ్యాక్టరీ గేటు వరకేనా. రవాణా ఏ4లో ఉంటుంది. రీసైకిల్ చేసిన కంకర అని మురిసిపోయి దాన్ని దూరం నుంచి లారీల్లో తోలిస్తే మిగిలేదేమీ ఉండకపోవచ్చు.

ఆ తర్వాత కాంక్రీటులో ఒక్కో బలం గ్రేడుకూ క్యూబిక్ మీటరుకు ఇన్ని కిలోల కార్బన్ మించకూడదని పరిమితి పెట్టండి. కాలిఫోర్నియా 2017లో బై క్లీన్ చట్టం చేసినప్పుడు పట్టుకున్నది ఈ పద్ధతినే, స్ట్రక్చరల్ స్టీలు, కాంక్రీటులో వేసే చువ్వలు, ఫ్లాట్ గ్లాస్, మినరల్ ఊల్ ఇన్సులేషన్‌లతో. కలపకైతే అడవి నుంచి సైటు దాకా చేతులు మారిన క్రమం చూపే సర్టిఫికెట్ అడగండి. ఏ సర్టిఫికెట్ పేరు రాసినా పక్కన "లేదా తత్సమానం" అని చేర్చడం మరవొద్దు.

5. ధరల్లో కార్బన్‌ను కలపండి

ఒకాయన క్యూబిక్ మీటరుకు 320 కిలోల కార్బన్ ఉన్న కాంక్రీటు ఇస్తానన్నాడు, ఇంకొకాయన కొంచెం ఎక్కువ కోట్ చేసి 220 అన్నాడు అనుకోండి. పని 5,000 క్యూబిక్ మీటర్లు. తేడా 500 టన్నులు. టన్నుకు ఇంత అని టెండర్‌లోనే ఒక ఊహా ధర ప్రకటించి, దాన్ని ఎవరి కోట్‌కు వాళ్ల టన్నుల మేరకు కలిపి అప్పుడు పోల్చండి. చెల్లించేది మాత్రం వాళ్లు కోట్ చేసిన ధరే. నెదర్లాండ్స్‌లో రోడ్లు, కాలువల పనులకు ఇలాంటి లెక్కే వాడతారు. "పర్యావరణానికి 10 మార్కులు" అని వదిలేసే పద్ధతి కంటే ఇది చాలా నయం, ఆ మార్కులు ఎవరు ఎలా వేశారన్న గొడవ ఉండదు.

6. సైటులో పట్టుకోండి

కాగితం మీద ఒక మిక్స్, లారీలో ఇంకో మిక్స్ రావడం కొత్తేమీ కాదు. లారీ దిగగానే డెలివరీ చలానాలో మిక్స్ కోడ్, ఆమోదించిన ఈపీడీలోని కోడ్ ఒకటేనా చూడమని సైట్ ఇంజనీరుకు రాతపూర్వకంగా చెప్పండి, బ్యాచింగ్ ప్లాంటు ప్రింటవుట్ కూడా దానికి జతచేయించండి. సరుకు దొరక్క మిక్స్ మార్చాల్సి వస్తే పోత వేయకముందే అనుమతి తీసుకోవాలన్న షరతు కాంట్రాక్టులో ఉండాలి, పరిమితి దాటితే ఎంత కోత పడుతుందో కూడా. ఈ చలానాలు లేకుండా వచ్చిన బిల్లును పాస్ చేయకుండా వెనక్కి పంపండి.