ఫైబ్రాయిడ్లు ఉంటే ఏం తినాలి: కాఫీ వేళ మార్చండి, పప్పులో నిమ్మకాయ పిండండి

గర్భసంచిలో గడ్డను కరిగించే కషాయం ఏదీ లేదు. మా వీధిలో మాత్రం ప్రతి ఇంటికీ ఒకటి ఉంది. కలబంద గుజ్జు నుంచి మెంతుల నీళ్ల దాకా అన్నీ మా గుమ్మంలోకి వచ్చాయి. ఫైబ్రాయిడ్లు గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. అవి క్యాన్సర్ కావడం చాలా అరుదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల అండతో పెరుగుతాయి, ముట్లుడిగాక సాధారణంగా చిక్కిపోతాయి. పోపుల డబ్బా మాట అవి వినవు.

తిండి పని వేరే. ఈ గడ్డల వల్ల నెలనెలా ముట్టులో ఎక్కువగా పోతున్న రక్తాన్ని మళ్లీ కూడబెట్టడం.

నా స్కానింగ్ రిపోర్టులోని గడ్డల కంటే రక్తపరీక్ష కాగితమే నన్ను భయపెట్టింది. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. బడిలో మేడ మీది తరగతికి ఎక్కాక హాజరు పిలవడానికి ఊపిరి అందేది కాదు. అంత తగ్గినప్పుడు తోటకూర ఒక్కటే గట్టెక్కించదు, డాక్టరు రాసిన ఐరన్ మాత్ర వేసుకోవాల్సిందే. ఆ మాత్ర, ఆ కూర ఒంటికి పట్టేలా చూసుకోవడం మన చేతిలో ఉంది.

ముందు కాఫీ సంగతి. టిఫిను తింటూ కాఫీ, అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ చాలావరకు ఒంటికి పట్టదు. కాఫీ మానమని చెప్పను, నేనూ మానలేదు. లేవగానే తాగేస్తాను, పెసరట్టు గంట తర్వాత. మధ్యాహ్నం టీ కూడా అన్నానికి గంటన్నర ఎడంగా. మాత్రను పాలతో, పెరుగన్నంతో వేసుకోకూడదు; కాల్షియం అడ్డుపడుతుంది. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే మంచిది. పరగడుపున కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి, మానెయ్యకండి.

ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టడం కష్టం. విటమిన్ సి తోడుంటే నయం. అందుకే తోటకూర పప్పు, మునగాకు వేపుడు పొయ్యి మీద నుంచి దించాకే నిమ్మకాయ పిండాలి. ఉడుకుతుండగా పిండితే విటమిన్ కొంత పోతుంది. ఉడికించిన నల్ల శనగల్లో పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. అన్నం తిన్నాక ఒక జామకాయ. మాంసం తినేవాళ్లకు దారి ఇంకా సులువు: మేక కార్జంలోని ఐరన్ ఆకుకూరలో దానికంటే బాగా ఒంటబడుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మాత్రం కార్జం జోలికి పోవద్దు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ. బెల్లం ముక్కతో రక్తం పడుతుందని మా అత్తగారి నమ్మకం. తినమంటే తింటాను, లెక్కలో వేసుకోను.

మాత్రలతో మలం నల్లబడుతుంది, కంగారు వద్దు. మలబద్ధకం మాత్రం నిజమైన బాధ, పెద్ద గడ్డ పేగును నొక్కుతుంటే మరీను. బీరకాయ, చిక్కుడు, జొన్నరొట్టె, అవిసెగింజల పొడి పెంచండి, నీళ్లూ తాగండి. మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందని పగలంతా గొంతు తడపకుండా ఉండే టీచర్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. రాత్రి పడుకునే ముందు తగ్గించుకోండి, పగలు కాదు.

ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది, కాబట్టి బరువు పెరగనివ్వకపోవడం మేలు. మీల్ మేకర్ కూర అప్పుడప్పుడు తింటే గడ్డ పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. పేరూ ఊరూ లేని మూలికల పొడులంటేనే నాకు భయం, కాలేయానికి దెబ్బ.

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, ముట్లుడిగాక రక్తం కనిపించినా ఈ వంటల సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తీసేయాలన్నారంటే రక్తస్రావం తగ్గించే మందులు, గడ్డను మాత్రమే తీసే మయోమెక్టమీ, గడ్డకు రక్తం అందకుండా నాళాన్ని మూసే పద్ధతి మీకు పనికొస్తాయా అని అడగండి. ఆపరేషనే ఖాయమైనా, తొందర లేని పక్షంలో హిమోగ్లోబిన్ పెంచుకుని వెళ్లండి. రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. 12 దాటగానే మాత్రలు ఆపకండి. ఒంట్లో నిల్వలు నిండడానికి సాధారణంగా ఇంకో మూడు నెలలు కొనసాగించమంటారు. ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తే ఆ నిల్వ ఎంతుందో తెలుస్తుంది.