గండి ఎక్కడ పడుతుందో ముందే చూడండి: పర్డ్యూ సీజన్‌ను అంచనా వేసుకునే పద్ధతి

అక్టోబరు వచ్చి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ దగ్గరపడగానే నా ఫోనుకు ఒకే రకం సందేశాలు వస్తాయి. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాతో చదివినవాళ్లు, ఇప్పుడు అక్కడ ఎంఎస్ చేస్తున్న పిల్లలు, అందరి ప్రశ్నా ఒకటే. "అక్కా, ఈసారి మనవాళ్లు ఎన్ని గెలుస్తారు?" ఈ 2025 అక్టోబరులో ఆ సందడి మరీ ఎక్కువగా ఉంది. 2025-26 సీజన్‌కు ముందు వెలువడిన ఏపీ ర్యాంకుల్లో పర్డ్యూను మొదటి స్థానంలో పెట్టారు. (ఏపీ అంటే ఇక్కడ అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ. మొదటిసారి విన్నప్పుడు మా ఇంట్లో అందరూ మన రాష్ట్రమే అనుకున్నారు.) సీజన్ మొదలవకముందే ఆ స్థానం దక్కడం విశ్వవిద్యాలయ చరిత్రలో ఇదే మొదటిసారి.

ఎన్ని గెలుస్తారన్నది నా పద్ధతిలో చివరి ప్రశ్న. మొదటి ప్రశ్న, ఎలా ఓడిపోతారు అని. ఈ పద్ధతి బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లు నేర్పింది కాదు. మా నాన్న గోదావరి తూర్పు డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఆయన గట్టు వెంబడి మైళ్లకు మైళ్లు నడిచేవారు. పీతల బొరియలు ఎక్కడున్నాయి, కిందటేడు ఇసుక బస్తాలు వేసిన చోటు ఎంత గట్టిపడింది, ఏ మలుపులో మట్టి జారుతోంది, ఇవే చూసేవారు. "నీళ్లు ఎన్ని వస్తాయో మన చేతిలో లేదమ్మా. గండి ఎక్కడ పడుతుందో మాత్రం ఎండాకాలంలోనే తెలిసిపోతుంది" అనేవారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ఇంతకంటే మంచి సూత్రం నాకు ఇంతవరకూ దొరకలేదు.

కావలసిన సామాను ఒక లాంగ్ నోటుబుక్కు, ఒక పెన్ను. సీజన్‌కు ఒక పేజీ. మొదటి మ్యాచ్‌కు ముందే రాయాలి, రాశాక దిద్దకూడదు. కంప్యూటర్లో రాస్తే జనవరిలో తప్పకుండా దిద్దుతారు, ఆ అనుభవం నాకుంది.

పేజీ పైన కిందటి సీజన్లోని చివరి ఓటమిని రాయండి. అరవై ఎనిమిది జట్లు ఆడే మార్చి టోర్నమెంటులో ఒక్కటి తప్ప అన్నీ ఓటమితోనే ఇంటికి వెళతాయి కాబట్టి రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. మా దగ్గర ఆ సరుకుకు కొదవ లేదు. కాన్ఫరెన్సు అంటే కలిసి లీగ్ ఆడుకునే విశ్వవిద్యాలయాల గుంపు, మాది బిగ్ టెన్. దాని టైటిళ్లు అందరికంటే ఎక్కువగా ఉన్నది పర్డ్యూకే. కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ నడిపే ఆ మార్చి టోర్నమెంటు మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ గెలవలేదు.

నా మొదటి పేజీ పైన ఉన్న ఓటమి 2023 మార్చి 17 నాటిది. అప్పుడు నేను పర్డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లఫయెట్‌లోనే ఉన్నాను. శుక్రవారం సాయంత్రం. ఆరుగురం ఒకే గదిలో కూర్చున్నాం. నేను చేసిన పులిహోర గిన్నె మధ్యలో ఉంది. మాది ఒకటో సీడ్, అంటే బలాన్ని బట్టి ఇచ్చే వరసలో అన్నిటికంటే పైన. అవతల అట్టడుగున పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్. వాళ్లు తమ చిన్న కాన్ఫరెన్సు టోర్నమెంటు కూడా గెలవలేదు. గెలిచిన జట్టుకు అర్హత లేకపోవడంతో వీళ్లకు చోటు దొరికింది. మొదటి డివిజన్‌లో ఉన్న 363 జట్లలో సగటు ఎత్తు అన్నిటికంటే తక్కువున్న జట్టు అది. మా జట్టు మధ్యలో ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ. మొదటి పది నిమిషాలూ మేం పులిహోర గురించే మాట్లాడుకున్నాం. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. 63-58తో ఓడిపోయాం. గిన్నె సగానికి సగం అలాగే మిగిలిపోయింది.

ఆ రాత్రి స్కోరు పట్టిక తీసి చూశాను. ఈడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు (గురితప్పిన షాటు తర్వాత బంతిని పట్టుకోవడం) తెచ్చాడు, అతన్ని అనడానికేమీ లేదు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు 26 వేస్తే 5 పడ్డాయి. పదహారుసార్లు బంతి పోగొట్టుకున్నాం. పొట్టి కుర్రాళ్లు కోర్టు పొడవునా మీదపడి ఒత్తుతుంటే బంతిని తేలికగా అవతలికి తీసుకెళ్లగలవాడు ఒక్క బ్రేడెన్ స్మిత్, అతనూ అప్పటికి మొదటి ఏడాది కుర్రాడు. ఇదంతా ఆ రాత్రి కొత్తగా పుట్టిన జబ్బు కాదు. జనవరి నుంచీ కనిపిస్తున్నదే. 22 గెలిచి ఒకటే ఓడినప్పుడు గట్టు మీద బొరియలు ఎవరు చూస్తారు?

కాబట్టి ఓటమి కింద ఒకే ఒక్క వాక్యం రాయండి: బంతి ఎక్కడ పోయింది, లేదా షాటు ఎందుకు పడలేదు, లేదా రీబౌండు ఎవరికి పోయింది. అంపైర్ల మీద రాయకండి. వాళ్లు వచ్చే ఏడాదీ అలాగే ఉంటారు.

తర్వాత చేయాల్సింది లెక్క. ఆట నలభై నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే ఒక మ్యాచ్‌కు మొత్తం 200 నిమిషాలు. కిందటేడు ఆ 200లో ఎవరు ఎన్ని ఆడారో చూసి, వెళ్లిపోయినవాళ్ల నిమిషాలను కొట్టేయండి. ఇదివరకు ఈ లెక్క చాలా తేలిక, చదువు ముగిసినవాడు వెళ్లేవాడు, అంతే. ఇప్పుడు వేరే విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక సీజన్ ముగియగానే సగం జట్టు మారిపోవచ్చు. పైగా 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇస్తున్నాయి, అన్ని ఆటలకూ కలిపి తొలి ఏడాది పరిమితి రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. దాన్ని తప్పుపట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. పద్నాలుగు వేల మందికి పైగా టిక్కెట్టు కొని చూసేది ఆ పిల్లల ఆటనే. కానీ అభిమాని పని మాత్రం కష్టమైంది. ఏప్రిల్లో పేరు నేర్చుకున్న ఆటగాడు మరో ఏప్రిల్‌కు వేరే రంగు చొక్కాలో కనిపిస్తాడు.

ఈసారి పర్డ్యూకు ఈ లెక్కలో వచ్చిన ఫలితం చూస్తే ఒకటో ర్యాంకు ఎందుకిచ్చారో అర్థమవుతుంది. స్మిత్, ఫ్లెచర్ లాయర్, ట్రే కాఫ్‌మన్-రెన్, ముగ్గురూ చివరి ఏడాదికి మిగిలారు. 200 నిమిషాల్లో వాళ్లవే దాదాపు సగం. స్మిత్ కిందటేడు బిగ్ టెన్‌లో ఉత్తమ ఆటగాడు, కాఫ్‌మన్-రెన్ మ్యాచ్‌కు ఇరవై పాయింట్లు తెచ్చాడు. మైల్స్ కాల్విన్, క్యామ్ హైడీ వెళ్లిపోయారు. నా లెక్కలో మధ్య వేలు విరగలేదు, చిటికెన వేలికి దెబ్బ తగిలింది.

కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో మీ ఉత్సాహానికి పగ్గం వేయండి. చిన్న కాన్ఫరెన్సులో తెచ్చిన అంకెలు పెద్ద కాన్ఫరెన్సులో అలాగే రావు, నేనైతే పాయింట్లలో మూడో వంతు తీసేసి చూస్తాను. రీబౌండ్లు అంతగా తగ్గవు, బుట్ట కింద చోటు పట్టుకునే మొండితనం ఎక్కడైనా ఒకటే. అతను ఎంత గొప్పవాడన్నది కాదు, మీరు పేజీ పైన రాసుకున్న బొరియను పూడ్చగలడా అన్నది చూడండి. 2023 వేసవిలో సదరన్ ఇలినాయ్ నుంచి లాన్స్ జోన్స్ వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పండగ చేసుకోలేదు. బంతిని నడపగల రెండో మనిషి, ఒత్తిడికి బెదరని మనిషి. నోటుబుక్కులో అతని పేరు కింద రెండు గీతలు గీశాను. ఆ ఏడాది 34 గెలిచి, 1980 తర్వాత మళ్లీ ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దశ, చేరాం. అక్కడా గెలిచి ఫైనల్ ఆడాం. నేను చేసిన ఇన్ని అంచనాల్లో గర్వంగా చెప్పుకునేది ఇదొక్కటే కాబట్టి ప్రతి ఏడాదీ చెబుతాను.

ఆ ఫైనల్లో గండి వేరే చోట పడింది. కనెక్టికట్ జట్టు ఈడీని ఒక్క మనిషితో కాపు కాసి, మిగతా నలుగురూ మా షూటర్లను వదలకుండా అంటిపెట్టుకున్నారు. ఈడీ 37 పాయింట్లు కొట్టాడు. మూడు పాయింట్ల షాట్లు జట్టు మొత్తం కలిసి ఏడే వేయగలిగింది, ఒక్కటి పడింది. 75-60. బొరియ పూడ్చాక నీళ్లు ఊరుకోవు, తర్వాతి మెత్తని చోటు వెతుక్కుంటాయి.

అంకెలు ఇష్టమున్నవాళ్లకు ఒక్క సంగతి. మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు కొట్టారన్నది చూడకండి. వేగంగా ఆడే జట్టు ఎక్కువ కొడుతుంది, ఎక్కువ ఇస్తుంది. బంతి చేతికి వచ్చిన ప్రతి వంద సార్లకు ఎన్ని కొట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నది చూడండి. కెన్ పోమరాయ్ అనే గణాంకాల నిపుణుడు ఏళ్లుగా ఈ లెక్క కడుతున్నాడు. కిందటేడు పర్డ్యూ దాడి దేశంలోని మేటి జట్ల సరసన ఉంది, రక్షణ ఆ దరిదాపుల్లో లేదు. ఫిబ్రవరిలో వరసగా నాలుగు ఓడినప్పుడు ఆశ్చర్యపోయినవాళ్లు మొదటి అంకె మాత్రమే చూసినవాళ్లు.

మ్యాచ్‌ల పట్టిక దగ్గర చాలామంది గెలుపు, ఓటమి అని టిక్కులు పెడుతూ పోతారు. నేను పెట్టను. ఏ మ్యాచ్‌లో ఏ బొరియ బయటపడుతుందో రాస్తాను. నవంబరు 13న అలబామా జట్టుతో వాళ్ల కోర్టులో ఆట ఉంది. పరుగులు పెట్టే జట్టు, కాబట్టి మన కాళ్లకు పరీక్ష. డిసెంబరు 6న మా సొంత కోర్టు మెకీ అరీనాకు అయోవా స్టేట్ వస్తుంది, బంతిని లాక్కోవడంలో ఆరితేరిన జట్టు, కాబట్టి చేతులకు పరీక్ష. అక్టోబరు 24న కెంటకీతో ఆడేది ఎగ్జిబిషన్ మ్యాచ్. గెలిచినా ఓడినా నోటుబుక్కులోకి ఎక్కించకండి, ఎవరు ఎవరి పక్కన ఆడుతున్నారో మాత్రం చూడండి. మార్చి టోర్నమెంటుకు జట్లను ఎంచే కమిటీ కూడా అన్ని గెలుపులనూ ఒకే తక్కెడలో వేయదు. సొంత కోర్టులో ఎన్‌సీఏఏ పట్టికలో మొదటి 30 ర్యాంకుల్లోని జట్టును ఓడించడమూ, అవతలివాళ్ల కోర్టులో 75 ర్యాంకుల దాకా ఉన్న జట్టును ఓడించడమూ వాళ్ల లెక్కలో ఒకే తరగతి. పరాయి ఊళ్లో గెలవడం అంత కష్టం మరి. మెకీలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. గుమ్మటం కింద ఆ అరుపులకు నా చెవులు మర్నాటి క్లాసు దాకా గుంయ్‌మంటూనే ఉండేవి.

భారతదేశంలో ఉండి చూసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇండియానాలో రాత్రి ఏడింటి మ్యాచ్ శీతాకాలంలో మనకు తెల్లవారి ఐదున్నర. తొమ్మిదింటిది ఏడున్నర. లాస్ ఏంజిలిస్‌లో ఆడితే ఆఫీసు క్యాబ్‌లో చూడాల్సిందే. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం ముందుకు జరుపుతారు, అప్పటినుంచి తేడా పదిన్నర గంటలు కాదు, తొమ్మిదిన్నర. టోర్నమెంటు సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ సంగతి మరిచిపోయి ఒకసారి తాపీగా కాఫీ పట్టుకుని ఫోను తెరిస్తే ఆట అప్పటికే రెండో సగంలో ఉంది.

ర్యాంకు గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. 2022 అక్టోబరులో మొదటి 25లో పర్డ్యూ పేరే లేదు. డిసెంబరుకు ఒకటో స్థానంలో ఉంది. మార్చిలో ఏమైందో పైన రాశాను. పేజీలో ర్యాంకుకు ఒక మూల చిన్న చోటు చాలు.

ఇక ఈ ఏటి నా పేజీ. పైన ఉన్న ఓటమి 2025 మార్చి 28, హ్యూస్టన్, 62-60. చివరి సెకన్లలో కోర్టు బయటి నుంచి బంతి లోపలికి వేసినవాడికే తిరిగి బంతి వచ్చింది. అతన్ని కాచేవాడు లేడు, బుట్ట కింద అడ్డుపడే పొడగరి లేడు. 0.9 సెకన్లు మిగిలాయి. దాని కింద నా వాక్యం: "బుట్ట దగ్గర మనిషి లేడు."

పూడ్చడానికి కోచ్ మ్యాట్ పెయింటర్ తెచ్చిన మట్టి మంచిదే. సౌత్ డకోటా స్టేట్ నుంచి ఆస్కర్ క్లఫ్ అనే ఆస్ట్రేలియావాడు వచ్చాడు, కిందటేడు మ్యాచ్‌కు పన్నెండుకు పైగా రీబౌండ్లు పట్టాడు. కాలు విరిగి కిందటి సీజన్ మొదట్లోనే ఆగిపోయిన ఏడడుగుల నాలుగంగుళాల డేనియల్ జేకబ్‌సన్ తిరిగొచ్చాడు. వీళ్లిద్దరితో కాఫ్‌మన్-రెన్ తనకంటే పెద్దవాళ్లను మోయాల్సిన పని తప్పుతుంది. ఇక్కడ గండి పడదని రాశాను.

పడితే స్మిత్ దగ్గర పడుతుందని రాశాను. ఆరడుగుల కుర్రాడు కిందటేడు నలభైలో ముప్ఫై ఏడు నిమిషాలు ఆడాడు, జట్టు ఊపిరంతా అతని చేతుల్లోంచే పోతుంది. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఓమర్ మేయర్ రెండో చేయి కాగలిగితే ఆ ముప్ఫై ఏడు ముప్ఫై మూడు అవుతుంది. జనవరిలో నేను స్కోరు కంటే ముందు స్మిత్ నిమిషాలు చూస్తాను. మీరూ అదే చూడండి. ముప్ఫై ఏడు దగ్గరే ఉంటే వరస గెలుపులు వచ్చినా సంబరపడకండి.

గెలుపుల సంఖ్య చివర్లో, పేజీ అడుగున, చిన్న అక్షరాలతో రాశాను. అది చెప్పను. నాన్న మాత్రం చూశారు. కళ్లజోడు సవరించుకుని పేజీ అంతా చదివి, "ఇన్ని బొరియలు చూపించి ఇన్ని గెలుస్తారని రాశావేమిటమ్మా?" అన్నారు.

ఈసారి ఫైనల్ ఫోర్ ఇండియానాపొలిస్‌లో, హ్యూస్టన్ చేతిలో ఓడిన ఆ లూకస్ ఆయిల్ స్టేడియంలోనే. క్యాంపస్ నుంచి కారులో గంట ప్రయాణం. ఫైనల్ 2026 ఏప్రిల్ 6 రాత్రి, మనకు 7వ తేదీ మంగళవారం ఉదయం. ఆఫీసులో సెలవుకు ఇంకా దరఖాస్తు పెట్టలేదు. మేయర్ నిమిషాలు చూశాక పెడతాను.