అడవి మంట ఊరివైపు వస్తే: ఇంటికి, పశువులకు సమస్య - పరిష్కారం

తెలంగాణలోని తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల దిక్కు అడవి అంచు ఊళ్లకు ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ భయం తప్పదు. రాలిన ఆకు ఎండి ఉంటుంది. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద పెట్టిన మంటో, ఆర్పకుండా పారేసిన బీడీయో చాలు. మనుషులు ఎలాగో బయటపడతారు, కట్టేసిన పశువులే చిక్కుకుంటాయి. అందుకే కొట్టంతో మొదలుపెడుతున్నాను.

తలుగు (పశువును కట్టే తాడు) ముడి ఊడి రావడం లేదు
కారణం: పొగకు బెదిరిన ఎద్దు వెనక్కి గుంజుతుంది. గుంజిన కొద్దీ ముడి బిగుస్తుంది. ఆ టెన్షన్‌లో మన వేళ్లూ ఆడవు.
పరిష్కారం: ఎండాకాలమంతా జారుముడే వేయండి. తాడు కొసను పూర్తిగా దూర్చకుండా మడిచి ఉచ్చులోకి తోస్తే, కొస పట్టి లాగగానే ఊడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లంతా ఒకసారి చీకట్లో విప్పి చూడాలి. ముడి రాకపోతే తాడు కోయడానికి కొడవలిని కొట్టం దూలానికే దోపి ఉంచండి, ఇంట్లో పెడితే ఆ వేళకు దొరకదు. నైలాన్ తాడు వేడికి కరిగి మెడకు అంటుకుంటుంది, నూలు తాడు మేలు.

విప్పినా కదలదు, మళ్లీ కొట్టంలోకే ఉరుకుతుంది
కారణం: రోజూ మేత తిని పడుకునే చోటే దానికి ధైర్యం.
పరిష్కారం: ఎప్పుడూ ముందు నడిచే ఆవును మొదట విప్పండి, మిగతావి దాని వెంట పడతాయి. అన్నీ వచ్చాక తడక మూసేయండి. దున్నిన చెలకకో, గడ్డి లేని చెరువు శిఖానికో (చెరువులో నీళ్లు తగ్గి బయటపడ్డ నేల) తోలండి. టైం లేకపోతే తాళ్లు కోసి వదిలేయండి. కట్టేసి మాత్రం పోవద్దు.

పిల్లి కనబడదు, కోళ్లు చేతికి రావు
అరుపులు, ఉరుకులాట చూస్తే పిల్లి అటక మీద దాక్కుంటుంది. పొగ దూరంగా ఉండగానే ఒక గదిలో వేసి తలుపు పెట్టండి, బయల్దేరేటప్పుడు మూత ఉన్న బుట్టలో పెట్టుకోండి. కోళ్లను పొద్దుగూకాక గంప కింద కమ్మితే తెల్లారి పట్టుకోవడం సులువు. కుక్కకు మెడపట్టీ ముందే అలవాటు చేయాలి.

మంట దూరంగానే ఉంది, అయినా ఇల్లు అంటుకుంది
కారణం: గాలికి లేచిన నిప్పురవ్వలు. పెంకుల సందుల్లోని ఎండాకు, గోడకు ఆనించిన పత్తికట్టె, కొట్టం పక్కనే వేసిన గడ్డివాము వాటికి దారి.
పరిష్కారం: కప్పు ఊడ్వండి. కట్టెను, వామును ఇంటికి దూరంగా మార్చండి. ఇల్లు వదిలేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్, కరెంటు మెయిన్ రెండూ బంద్ చేయాలి.

కాగితాలు దొరకవు
పట్టా పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం, రోజూ వేసుకునే మందులు ఒకే సంచిలో, తలుపు దగ్గర.

ఎటు పోవాలో తెలియదు
మంట గుట్ట ఎక్కేటప్పుడు వేగం పెరుగుతుంది, కాబట్టి పైకి ఉరకవద్దు. గాలి వీచే దిక్కునా పోవద్దు, పక్కకు జరగండి. నూలు బట్టలు వేసుకోండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఊరు, మండలం పేరు ముందు చెప్పండి.

తిరిగొచ్చాక పశువుల గిట్టలు, పొదుగు చూడండి. కాలితే చల్లటి నీళ్లు పోసి పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. బూడిద కింద నిప్పు ఉంటుంది, ఆ నేల మీదికి మేతకు వదలకండి.