డీప్ పర్పుల్ మీద దెబ్బలాడుకోవడం ఎలా: రాయగడ పద్ధతి

ఆదివారం రాత్రి మా జిరాక్స్ కొట్టు షట్టరు సగం దించాక నలుగురం కూర్చుంటాం. బావది పేపర్ మిల్లులో ఉద్యోగం. పక్కింటి మాస్టారు ఒడియా ఆయన, మాతో తెలుగే మాట్లాడతారు. మేనల్లుడు గుణుపూర్‌లో ఇంజనీరింగ్. నేను ఒకప్పుడు ఇదే కొట్లో క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి, ఆ పిచ్చి ఇంకా దిగలేదు. డీప్ పర్పుల్ అంటే మనుషులు మారుతూ వచ్చిన బ్రిటిష్ రాక్ బ్యాండ్. ఓసారి "అసలైన డీప్ పర్పుల్ ఏది" అన్న దగ్గర మాటామాటా పెరిగి బావ లేచి వెళ్లిపోయాడు. నెల్లాళ్లు మాటల్లేవు, మధ్యలో మా అక్క నలిగింది. అప్పట్నుంచి ఈ పద్ధతి పెట్టుకున్నాం.

ముందు ఓ ఏ3 కాగితం గోడకి అడ్డంగా అంటించండి. పైన 1968 నుంచి సంవత్సరాలు. కింద ఐదు గీతలు: గొంతు, గిటార్, బేస్, కీబోర్డు, డ్రమ్స్. మనిషి మారినచోట రంగు మార్చాలి. గొంతు గీతకి పెన్నులు చాలవు. మొదట రాడ్ ఎవాన్స్, 1969లో ఇయాన్ గిలన్, 1973లో డేవిడ్ కవర్‌డేల్, 1976లో బ్యాండే మూత. 1984లో మళ్లీ గిలన్, 1989లో ఆయన్ని పంపేసి జో లిన్ టర్నర్, 1992లో మళ్లీ గిలన్! డ్రమ్స్ గీత మాత్రం ఆ చివర నుంచి ఈ చివరికి ఒకటే రంగు, ఇయాన్ పేస్. కాగితం పూర్తయ్యేసరికి సగం మంది గొంతు తగ్గుతుంది.

మూతపడిన ఎనిమిదేళ్లూ ఖాళీగా వదలకండి. ఎవరెక్కడ వాయించారో చిన్నక్షరాలతో రాయండి, తర్వాత పనికొస్తుంది.

"అసలు", "డూప్లికేటు" అన్న మాటలు మా కొట్లో బంద్. మనుషులు మారిన ప్రతి జట్టుకీ ఓ నంబరుంది, మార్క్ 2, మార్క్ 3 అని ఆ నంబరే చెప్పాలి. ఆ బంద్ మాటలు అన్నవాడు ఆ పూట పకోడీలకి డబ్బులివ్వాలి. 2016లో రాక్ సంగీతకారుల్ని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఈ బ్యాండ్ నుంచి ఎనిమిది మందిని తీసుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్లు దాటి వాయిస్తున్న గిటారిస్టు స్టీవ్ మోర్స్ అందులో లేడు. ఉన్న మొదటి గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఏమో వేడుకకే రాలేదు. అంత పెద్దవాళ్ల దగ్గరే తేలని పంచాయితీ ఇది.

ఇక అసలు పని, పేరు చెప్పకుండా వినిపించడం. వాళ్ల పాట 'స్మోక్ ఆన్ ద వాటర్' రెండు లైవ్‌లు తీసుకోండి. ఒకటి 1972 జపాన్‌ది, ఇంకోటి 1974 కాలిఫోర్నియా జామ్ అనే కచేరీది. ఫోను బోర్లా పెట్టి వేయండి. రెండోదాంట్లో బేస్ వాయించే గ్లెన్ హ్యూస్ కూడా గొంతు కలుపుతాడు కాబట్టి అక్కడ అందరూ పట్టేస్తారు. మీరు గిటార్ మొదలయ్యే చోట ఆపండి. బ్లాక్‌మోర్ అక్కడ పిక్కు వాడడు, వేళ్లతో రెండు తీగలు ఒకేసారి లాగుతాడు. దాని వెనక బొంగురుగా వచ్చేది ఇంకో గిటార్ కాదు, జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్. దాన్ని గిటార్లకి వాడే మార్షల్ ఆంప్‌లోంచి పంపేవాడు. "ఇన్నాళ్లూ నేను గిటార్ అనుకున్నదేటి, ఆర్గనా?" అన్నాడు బావ, పకోడీ చేతిలోనే ఉంది. ఆ రాత్రి ఇంక సింగర్ల గొడవే రాలేదు.

ముందుముందు ఎవరితో కలిసి చేస్తే బాగుంటుందన్న చర్చకి ఒక్కటే షరతు: పేరు చెప్పినవాడు దారి కూడా చూపించాలి. 2002లో లార్డ్ స్థానంలోకి వచ్చిన డాన్ ఎయిరీ కొత్తవాడేం కాదు, 1979లోనే బ్లాక్‌మోర్ సొంత బ్యాండ్ రెయిన్‌బోలో ఆయన పక్కన, పర్పుల్ బేసిస్టు రోజర్ గ్లోవర్ పక్కన వాయించాడు. మీ చిన్నక్షరాలు ఇక్కడ అక్కరకొస్తాయి. బ్లాక్‌మోర్ తిరిగొస్తాడని మేనల్లుడు ఇప్పటికీ పందెం కాస్తాడు. 1945లో పుట్టిన మనిషి, 1993లో టూర్ మధ్యలో వదిలి వెళ్లాడు, ఏ దారిన వస్తాడో వాడే చెప్పాలి. అలాగని దారి లేదంటే ఊరికే కొట్టేయకండి. వీళ్లు 1969లోనే ఆర్కెస్ట్రాతో వాయించారు, గిలన్ ఒపెరా గాయకుడు పవరొట్టి పక్కన నిలబడి పాడాడు. మాస్టారి కోరిక ఇయాన్ పేస్ ఒక్కసారి మన కోరాపుట్ గిరిజనుల ధెమ్సా నాట్యం డోలు, మొహురి సన్నాయితో కలిసి వాయించాలని. ఇది నాకూ నచ్చింది, అందుకని షరతు సడలించాం.

ఆఖరి మాట కాగితం గురించి. కుడిచివర నాలుగు వేళ్ల జాగా వదలండి. నేను వదల్లేదు. 2022లో మోర్స్ వెళ్లి సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చినప్పుడు, పాడైపోయిన ఆధార్ జిరాక్స్ వెనక్కి తిప్పి అంటించి రాశాను.